వరద తర్వాత మా కిరాణా దుకాణంలో వోచర్లు

వరద సాయంగా పంచే వోచర్ల గురించి ఇచ్చినవారు చెబుతారు, అప్పుడప్పుడు పుచ్చుకున్నవారూ చెబుతారు. ఆ కాగితం తీసుకుని పప్పు తూచి ఇచ్చిన దుకాణదారుని మాత్రం ఎవరూ అడగరు. నేను ఆ మూడో మనిషిని. 2009 అక్టోబరు వరదల తర్వాత, శాంతినగర్‌లోని మా కిరాణా దుకాణంలో ఒక స్వచ్ఛంద సంస్థ వోచర్లకు సరుకులు ఇచ్చాను. అప్పట్లో మాది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు జోగులాంబ గద్వాల.

ఆ ఏడు దసరా సెప్టెంబరు 28న వచ్చింది. పండగ బేరాలు ముగిసి దుకాణాల్లో అరలు సగం ఖాళీగా ఉన్న సమయంలో వానలు పట్టుకున్నాయి. పైన కర్ణాటకలోనూ ఎడతెరిపి లేకుండా కురిసింది. తుంగభద్ర మా పెద్దలు కూడా చూడనంత ఎత్తుకు లేచింది, సుంకేసుల దగ్గర కట్ట తెగింది. అక్టోబరు 2 నాటికి రాజోలి మునిగింది. అలంపురం గుళ్లలోకి నీళ్లు వచ్చాయి. నది అవతల కర్నూలు పాతబస్తీ మేడల దాకా నీళ్లలో ఉంది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా ప్రవాహం వచ్చిందని పత్రికల్లో రాశారు.

రాజోలి నేతపనివారి ఊరు. గద్వాల చీరలు అక్కడి గుంట మగ్గాల మీద నేస్తారు. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం కాబట్టి నీళ్లు తీసిపోయాక ప్రతి గుంటా ఒండ్రుతో నిండిపోయింది. పడుగు, పట్టు, జరీ అన్నీ అందులోనే. రైతుకు చేను పోతే భూమి అయినా మిగులుతుంది. నేతగాడికి ఇల్లూ పనిచోటూ ఒకటే కాబట్టి రెండూ ఒకేసారి పోయాయి. వాళ్లంతా ఎత్తుమీది బడుల్లో, గుళ్లలో, రోడ్ల పక్క పరదాల కింద చేరారు. వారిలో చాలామంది మాకు పాత ఖాతాదారులు.

మొదట్లో అంతా లారీల సాయమే. పులిహోర పొట్లాలు, రొట్టెలు, బియ్యం బస్తాలు, పాత బట్టలు. పాత బట్టల సంగతి చెప్పక తప్పదు. పట్టణాల వాళ్లు బీరువాలు ఖాళీ చేసి పంపిన ఆ గుట్టలు రోడ్డు పక్కనే తడిసి కుళ్లాయి. బియ్యం మాత్రం కొన్ని కుటుంబాలకు మూడు నాలుగు చోట్ల నుంచి అందాయి. చివరికి ఏమైందంటే, సాయంగా వచ్చిన ఆ బియ్యాన్నే తలమీద పెట్టుకుని మా వీధికి అమ్మకానికి తెచ్చారు. కారం లేదు, చింతపండు లేదు, సబ్బు లేదు, పిల్లవాడికి పాలపొడి లేదు. బియ్యం అమ్మితే గానీ అవి రావు. సగం ధరకు కొనేవాళ్లు తయారయ్యారు. ఏ లారీలో ఏమి పంపాలో హైదరాబాదులో కూర్చుని లెక్క వేస్తే ఇలాగే అవుతుంది.

సంస్థ కుర్రవాళ్లు ఇద్దరు మా దుకాణానికి వచ్చింది ఆ రోజుల్లోనే. సరుకు కొంటారేమో అనుకుని లేచి నిలబడ్డాను. వాళ్లు కాగితాలు తీసి ప్రశ్నలు మొదలుపెట్టారు. వరదకు ముందు కందిపప్పు ధర ఎంత, ఇప్పుడు ఎంత, నిల్వ ఎన్ని బస్తాలు, అయిపోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఎంత సమయం పడుతుంది, ఎవరి దగ్గర తెస్తారు, ఏ దారిలో తెస్తారు, అప్పు మీద ఇస్తారా, రొక్కమా. ఆదాయపు పన్నువాళ్లు కూడా అంత వివరంగా అడగరు. ఎందుకని అడిగితే వాళ్లలో పెద్దవాడు చెప్పాడు. "బజారు పనిచేస్తూ ఉంటేనే వోచర్లు ఇస్తామన్నా. దుకాణాల్లో సరుకు దొరకని చోట వోచరు ఇస్తే అది ఉత్త కాగితం. అప్పుడు మేమే సరుకు మోసుకొస్తాం."

అది తెలివైన మాట. మా బజారు పనిచేస్తోందా అంటే, ఉందీ లేదూ. శాంతినగర్‌లో నీళ్లు రాలేదు. అయితే మా తాత కాలం నుంచి మాకు సరుకు వచ్చేది కర్నూలు నుంచే. అక్కడి టోకు వ్యాపారుల గోదాముల్లో పప్పు మొలకెత్తింది, చక్కెర కరిగి కాలువల్లో పోయింది. మాకు అప్పు మీద సరుకు ఇచ్చే షాహుకారే బురద ఎత్తిపోసుకుంటున్నాడు. ఇక మిగిలింది గద్వాల. అక్కడి టోకు దుకాణంలో నా ముఖం ఎవరికీ తెలియదు. తెలియని ముఖానికి అప్పు పుట్టదు. ఇదంతా ఆ కుర్రవాడికి చెప్పాను, రాసుకున్నాడు. రాసుకున్నది ఎవరు చదివారో నాకు తెలియదు గాని, నా తర్వాతి కష్టమంతా ఆ ఒక్క పంక్తిలోనే ఉంది.

తర్వాత ఒప్పందం. ధరల పట్టిక దుకాణం ముందు తెలుగులో పెద్ద అక్షరాలతో పెట్టాలి. వోచరు తెచ్చినవారికీ రొక్కం తెచ్చినవారికీ ఒకటే ధర. వోచరుకు డబ్బు ఇవ్వకూడదు, చిల్లర తిరిగి ఇవ్వకూడదు. బీడీలు, గుట్కా, సారా ఇవ్వకూడదు. పాత బాకీ కింద జమ కట్టుకోకూడదు. రోజూ బిల్లులు రాయాలి. టిన్ నంబరు, అంటే అప్పటి వ్యాట్ పన్ను నమోదు సంఖ్య, ఉండాలి. ఈ చివరిదానితోనే మా వీధిలో చిన్న దుకాణాలన్నీ పోయాయి. రాజోలిలో సొంత దుకాణం మునిగిపోయి ఇక్కడ బల్ల వేసుకుని అమ్ముకుంటున్న ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ఆయనకు లెక్కలు లేవు, పుస్తకాలు నీళ్లలో పోయాయి. అర్హత లేదన్నారు. వరద బాధితుల కోసం పెట్టిన పథకంలో వరదకు దుకాణం పోగొట్టుకున్నవాడికి చోటు లేకపోవడం నాకు అప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పుడూ పడదు. నేను ఒప్పుకున్న సరుకులో ఉప్పు, చింతపండు, ఎండుమిర్చి ఆయన ద్వారానే తెప్పించాను. అంతకన్నా చేయగలిగింది కనబడలేదు.

వోచర్లు 100, 50, 20 రూపాయల కాగితాలు. ఒక్కోదానికి వరుస సంఖ్య, సంస్థ ముద్ర, గడువు తేదీ. ఇంటి ఆడమనిషి పేరు మీదే ఇచ్చారు. మనిషికి రోజుకు 2,100 కిలోకేలరీలు అందాలని విపత్తు సాయంలో ఒక కొలత ఉందట. ప్రభుత్వ బియ్యం, దాతల బియ్యం అందులోంచి తీసేసి, మిగిలిన లోటుకు పప్పు, నూనె ఎంత కావాలో లెక్కకట్టి, సబ్బుల వంటివి కలిపి, ఇంట్లో మనుషుల సంఖ్యను బట్టి విలువ నిర్ణయించారు. వోచర్లలో రెండు రకాలు ఉంటాయని కూడా అప్పుడే తెలిసింది. ఇన్ని కిలోల పప్పు, ఇంత నూనె అని రాసి ఇచ్చేది ఒకటి, ఇన్ని రూపాయలు అని రాసి ఏమి కొనాలో ఇంటివారికి వదిలేసేది మరొకటి. మాకు వచ్చింది రెండోది. దీని మంచీ చెడూ రెండూ నేను చూశాను.

మంచి ముందు చెబుతాను. పంపిణీ మొదలైన నాడు దుకాణం ముందు వరుస రోడ్డు దాకా పోయింది. పప్పు, నూనె ఎగబడి కొంటారని వాటిని ముందు పెట్టుకున్నాం. వచ్చిన ఆడవాళ్లు ముందు అడిగినవి బట్టల సబ్బు, కొబ్బరినూనె, దువ్వెన, పసుపు కుంకుమ, టీ పొడి. లారీల మీద వచ్చిన పొట్లాల్లో ఇవేవీ ఉండవు. మంది మధ్య బడి వరండాలో పడుకుంటున్న మనిషికి నూనె పెట్టి తల దువ్వుకోవడం ఎంత అవసరమో కేలరీల లెక్కలో దొరకదు. నెలసరి గుడ్డల విషయం సంస్థ తరఫున వచ్చిన అమ్మాయి మా ఆవిడ చెవిలో చెప్పింది. ఆ పొట్లాలు ఒక మూల అరలో పెట్టి, ఆడవాళ్లకు మా ఆవిడే పాత పేపరులో చుట్టి ఇచ్చేది. ఆ అర దగ్గరికి నన్ను రానివ్వలేదు. ఆ తర్వాత గల్లాలో సగం పని ఆవిడదే అయింది, ఇప్పటికీ అలాగే ఉంది.

బీడీలు లేవనగానే మగవాళ్లు ముఖాలు మాడ్చుకుని బయటే నిలబడ్డారు. అదీ ఒక మేలే, వరుస సగం తగ్గింది.

జొన్నల సంగతి వేరే చెప్పాలి. మా వైపు పెద్దవాళ్లకు రాత్రి జొన్నరొట్టె పడకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. వరద మొదలైనప్పటి నుంచి తిన్నదంతా తెల్ల అన్నమే. ఒక ముసలమ్మ వోచరు చేతిలో పట్టుకుని అడిగింది. "సేటూ, జొన్నలు ఇయ్యవా?"

"పట్టికలో లేవు అవ్వా."

"పట్టిక రాసినోళ్లు రొట్టె తినరా?"

నేను సంస్థ కుర్రవాడికి ఫోను చేశాను. పైవాళ్లను అడగాలన్నాడు. అడిగి, ఒప్పించి, జొన్నలు పట్టికలో చేర్చారు. ఇక్కడితో అయిపోలేదు. జొన్నలు కొన్న ఆడవాళ్లు మళ్లీ మా దగ్గరికే వచ్చారు. గిర్నీవాడు వోచరు తీసుకోడు, పిండి పట్టినందుకు రొక్కమే కావాలంటాడు. ఆ రొక్కం ఎక్కడిది? చివరికి నేనే జొన్నలు పట్టించి పిండిగా తూచి అమ్మాను, గిర్నీ ఖర్చు ధరలో కలిపాను. పట్టికలో 'జొన్నపిండి' అని మరో పేరు చేర్చడానికి మళ్లీ ఒక ఉత్తరం. ఏ పథకమైనా ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవాలంటే గిర్నీ దగ్గరికి వెళ్లాలి.

చిల్లర ఇవ్వకూడదన్న నియమం కాగితం మీద బాగానే ఉంటుంది. 50 రూపాయల వోచరుకు 46 రూపాయల సరుకు తీసుకుంటే మిగతా నాలుగు ఏం చేయాలి? చీటీ రాసిస్తానంటే సంస్థ ఒప్పుకోలేదు. అది మరో రకం కరెన్సీ అవుతుందన్నారు, నిజమే కావచ్చు. అందుకని షాంపూ పొట్లాలు, అగ్గిపెట్టెలు, బిస్కెట్లు చేతికి అందేలా పెట్టుకున్నాం. పిల్లలకు ఆ బిస్కెట్ల లెక్క తొందరగానే అర్థమైంది. తల్లుల సరుకు ఏ నాలుగైదు రూపాయల దగ్గర ఆగాలో వాళ్లే పక్కనుండి కూడి చెప్పేవారు. ఆ ఏడు దీపావళి అక్టోబరు 17న. టపాసులు పట్టికలో లేవు, ఉండవు కూడా. ప్రమిదల నూనె మాత్రం చాలామంది కొన్నారు.

ఇక చెడు. చేతిలో వోచరు ఉన్నా, ఆ మనిషికి ఆ పూట కావలసింది కర్నూలు ఆసుపత్రికి బస్సు ఛార్జీ కావచ్చు, మందులు కావచ్చు. మా వీధి చివర ఒకరు వంద రూపాయల వోచరుకు ఎనభై చేతిలో పెట్టేవాడని అందరికీ తెలుసు. ఆ వోచర్లు తిరిగి తిరిగి ఒప్పందం ఉన్న ఏదో దుకాణానికే చేరాలి కదా, చేరాయి కూడా. నా దగ్గరికి వచ్చినవారికి వోచరు మీద డబ్బు ఇవ్వలేదు. బాగా తెలిసినవారికి నా సొంతం ఇచ్చి ఖాతాలో రాసుకున్నాను. నన్ను మెచ్చుకోమని కాదు. నగదుకు అవసరం ఉన్నచోట సరుకు కాగితం ఇస్తే మనుషులు దాన్ని నగదు చేసుకునే దారి వెతుక్కుంటారు, ఆ దారిలో నూటికి ఇరవై ఎవరో ఒకరు తింటారు. అప్పట్లో ఊళ్లో అందరికీ బ్యాంకు ఖాతాలు లేవు, ఆధార్ ఇంకా పుట్టలేదు. ఆ కారణాలతో వోచరే మేలని సంస్థవాళ్లు వాదించారు. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డు కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చినప్పుడు అదే మా దుకాణం, అదే మనుషులు. డబ్బు ఎక్కడ అవసరమో అక్కడ ఖర్చుపెట్టుకున్నారు, అందులో మాకు రావలసింది మాకే వచ్చింది. నా కళ్లతో రెండూ చూశాను కాబట్టి, బజారు నడుస్తున్నచోట నగదే మేలని ఇప్పుడు నా నమ్మకం. బజారు సగం నడుస్తున్నచోట వోచరుకు ఒక బలం ఉంది. ఇంత సరుకు ఖచ్చితంగా అమ్ముడవుతుందన్న భరోసాతోనే నేను గద్వాల దాకా బండి పంపాను. ఆ భరోసా లేకపోతే పంపేవాణ్ణి కాదు.

పాత బాకీల విషయం అందరికన్నా దుకాణదారులకు బాగా తెలుసు. రాజోలి నేతపనివారు మా దగ్గర పండగకు సరుకు అప్పు తీసుకుని, చీర అమ్ముడయ్యాక తీర్చడం వాడుక. వరదకు నాలుగు రోజుల ముందే దసరా. అంటే ప్రతి ఇంటి పేరునా ఖాతాలో బాకీ ఉంది. ఆ ఇంటి ఆడమనిషే వోచరు పట్టుకుని ఎదురుగా నిలబడితే, దుకాణదారుడి కన్ను ఖాతా పుస్తకం మీదికి పోకుండా ఉండదు. ఒప్పందం ఉన్న మరో దుకాణంలో వోచరు తీసుకుని సగం సరుకే ఇచ్చి సగం బాకీకి కట్టుకున్నారు. ఫిర్యాదు వెళ్లింది, ఆ దుకాణాన్ని తీసేశారు. నేను ఖాతా పుస్తకం ఇంట్లో పెట్టి వచ్చేవాణ్ణి. దుకాణంలో కనబడితే వచ్చినవాళ్లే సిగ్గుపడి "ఇందులో కొంత జమ వేసుకో సేటూ" అనేవారు, అప్పుడు కాదనడం ఇంకా కష్టం.

డబ్బు లెక్క ఇప్పుడు చెబుతాను. ఆ ఏడు కందిపప్పు ధర దేశమంతటా మండింది, కిలో 90 రూపాయల దాకా పోయింది. నేను ఒప్పందంలో రాసిన ధర అంతకు ముందుది. పట్టిక ధరకు అమ్మితే కిలోకు కొన్ని రూపాయలు నా జేబులోంచి పోతాయి. ధర మార్చాలంటే సంస్థవాళ్లు మూడు చోట్ల ధరలు కనుక్కుని, పైకి రాసి, అనుమతి తెప్పించాలి. తెప్పించారు, కాదనను. ఆ లోపల తూచిన బస్తాల నష్టం నాదే. వోచరు విలువ మాత్రం పెరగలేదు. వంద రూపాయల కాగితానికి ముందు వారం వచ్చినంత పప్పు తర్వాతి వారం రాకపోతే ఆడవాళ్లు తిట్టేది సంస్థను కాదు, నన్ను.

దానికన్నా పెద్దది బిల్లు ఆలస్యం. వచ్చిన వోచర్లను వరుస సంఖ్యల ప్రకారం పేర్చి, కాగితాలకు అంటించి, ఒక్కో కుటుంబం బిల్లు, వేలిముద్ర జతచేసి ఇవ్వాలి. వాళ్ల ఆఫీసులో పంచిన జాబితాతో సరిచూస్తారు. ఎక్కడైనా కొట్టివేత ఉంటే, వేలిముద్ర అలుక్కుపోతే ఆ వోచరు పక్కన పెడతారు. ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ల వోచర్లు తారుమారైతే మొత్తం కట్ట ఆగిపోతుంది. అన్నీ సరిపోయాక చెక్కు. మొదటి బిల్లుకు చెక్కు వచ్చేసరికి రెండు నెలలు దాటింది. ఈలోగా గద్వాల టోకు దుకాణానికి రొక్కం కట్టాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. కిరాణాలో పప్పు మీద, నూనె మీద మిగిలేదే నూటికి నాలుగైదు. రెండు నెలల వడ్డీ నూటికి నాలుగు. అంటే ఆ బిల్లులో నేను ఉత్త పుణ్యానికి తూచాను. పుణ్యం చెడ్డది కాదు, ఒప్పుకుని చేస్తేనే బాగుంటుంది. సాయం చేసిన సంస్థల ఖాతాలో దాతలు ఉంటారు, కానీ సాయానికి మొదటి రెండు నెలలు పెట్టుబడి పెట్టింది శాంతినగర్ వడ్డీ వ్యాపారి. ఇది వాళ్ల నివేదికలో ఉండదు.

తర్వాతి బిల్లులు కొంత తొందరగా వచ్చాయి. గట్టిగా అడిగినందుకు. నాతో పాటు ఒప్పందం చేసుకున్న మిగతావాళ్లంతా కలిసి, చెక్కు రాకపోతే కొత్త వోచర్లు తీసుకునేది లేదని చెప్పినందుకు. ఆ కుర్రవాడు పాపం మా వైపే మాట్లాడాడు. తర్వాత విడతలో మగ్గాల సామానుకు, నూలుకు వోచర్లు ఇచ్చారు. అవి నూలు వ్యాపారుల దగ్గర చెల్లాయి, వాటి సంగతి నాకు దగ్గరగా తెలియదు. మగ్గాలు మళ్లీ ఆడడం మొదలయ్యాక మా పాత బాకీలు మెల్లమెల్లగా వచ్చాయి. కొన్ని రాలేదు. రాని పేర్లు ఊరు వదిలిపోయినవారివి.

ఆ తర్వాత సిరియా యుద్ధంలో లెబనాన్‌కు వచ్చిన శరణార్థులకు ప్రపంచ ఆహార కార్యక్రమం ఇలాగే మొదట 2012లో కాగితపు వోచర్లు ఇచ్చి, 2013 నుంచి కార్డులకు మార్చిందని, వందల చిన్న దుకాణాలతో ఒప్పందం చేసుకుందని చదివాను. జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో 2016లో కంటిపాప చూపించి సరుకు కొనడం మొదలైందట. వేలిముద్రలు అలుక్కుపోయిన కట్టలు మోసినవాణ్ణి కాబట్టి దాన్ని చదివి ఈర్ష్య పడ్డాను. మన దగ్గర 2021 ఆగస్టు 2న 'ఈ-రుపి' అని ఫోనుకు వచ్చే వోచరు మొదలైంది. కోడ్ చూపించగానే డబ్బు అమ్మినవాడి ఖాతాలో పడుతుందని మా అబ్బాయి చెప్పాడు. అదే నిజమైతే నా రెండు నెలల వడ్డీ బాధ తీరినట్టే. కర్నూలు గోదాము మునిగితే సరుకు ఎక్కడి నుంచి తేవాలన్నది మాత్రం ఫోను చెప్పదు.

మా వైపు మళ్లీ అలాంటి అవసరం వచ్చి ఎవరైనా ఒప్పంద కాగితం పట్టుకొస్తే నేను సంతకం పెడతాను. పెట్టే ముందు, బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారో రాసిన చోటు వెతుకుతాను. అక్కడ అంకె లేకపోతే మొదటి సరుకుకు బయానా అడుగుతాను. టోకు ధర పెరిగితే పట్టిక ధర ఎవరు, ఎంత తొందరగా మారుస్తారో రాయమంటాను. మునిగిన ఊరి దుకాణదారుణ్ణి పన్ను నమోదు నంబరు లేదని పక్కన పెట్టొద్దని అడుగుతాను, వింటారో లేదో. సరుకుల పట్టిక కూడా చదువుతాను, జొన్నపిండి లేకపోతే అప్పుడే రాయిస్తాను.